ముందు జైలు, ఆ తర్వాతే తీర్పు
చట్టం నీడలో – 9వ భాగం

గత భాగంలో టాడా కథ చూశాం. 1985లో ఢిల్లీలో ట్రాన్సిస్టర్ బాంబులు పేలిన రోజుల్లో రెండేళ్ల కోసమంటూ తెచ్చిన ఆ చట్టం పదేళ్లు బతికింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును కోర్టులో సాక్ష్యంగా చెల్లుబాటు చేసింది. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. దేశమంతటా డెబ్బై వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. ఈ లెక్క బయటికొచ్చాక, 1995 మేలో గడువు తీరినప్పుడు మళ్లీ పొడిగించడానికి ఎవరూ ముందుకు రాలేదు. 2002లో దాని స్థానంలో పోటా వచ్చింది. పార్లమెంటు ఉభయ సభలూ సంయుక్తంగా సమావేశమై ఆమోదించిన పోటా కూడా రెండున్నరేళ్లకే రద్దయింది.

ఆ రెండూ పోయాయి. వాటి తర్వాత బలపడిన మూడో చట్టం మాత్రం పోలేదు. అదే ఉపా, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషే అన్న సూత్రాన్ని ఈ చట్టం ఎక్కడా రద్దు చేయలేదు. ఆ సూత్రం అక్కరకొచ్చే సమయాన్ని మాత్రం వాయిదా వేసింది. ఆ వాయిదాకు మనిషి చెల్లించే మూల్యం ఎంతో అమలాపురంలో మొదలై పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ముగిసిన ఒక జీవితం చెబుతుంది.

ఒకే రోజు, మూడు నిర్ణయాలు

2004 సెప్టెంబరు 21న కేంద్రంలోని యూపీఏ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. మొదటిది పోటాను రద్దు చేసింది. పౌరహక్కుల సంఘాలు ఊపిరి పీల్చుకున్నాయి. రెండోది 1967 నాటి ఉపాను సవరించింది. అప్పటిదాకా అది ప్రధానంగా సంస్థలను నిషేధించడానికి పనికొచ్చే చట్టం. ఉగ్రవాద చర్యకు నిర్వచనం, ఉగ్రవాద సంస్థల జాబితా, అందులో సభ్యత్వానికీ సాయానికీ శిక్షలు, ఇలా పోటాలోని అధ్యాయాలు చాలావరకు ఈ పాత చట్టంలోకి వచ్చి చేరాయి. పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లుతుందన్న నిబంధన రాలేదు. బెయిలును బిగించే నిబంధన కూడా అప్పటికి రాలేదు. కానీ ఒక తేడాను ఆ రోజు చాలామంది గమనించలేదు. టాడాకు, పోటాకు గడువు ఉండేది. గడువు తీరినప్పుడల్లా ప్రభుత్వం పార్లమెంటు ముందుకొచ్చి ఇంకా ఎందుకు కావాలో చెప్పుకోవాల్సి వచ్చేది. ఉపాకు ఆ గడువు లేదు. అది శాశ్వత చట్టం.

మూడో నిర్ణయం అడవిలో జరిగింది. పీపుల్స్‌వార్, మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ ఆ రోజే ఒక్కటై మావోయిస్టు పార్టీగా ఏర్పడ్డాయి. ఈ విలీనాన్ని అక్టోబరు 14న హైదరాబాద్‌లో ప్రకటించారు. మర్నాడే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో నక్సలైట్ల చర్చలు మొదలయ్యాయి. జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో అటు హోంమంత్రి జానారెడ్డి బృందం, ఇటు మావోయిస్టు నాయకుడు రామకృష్ణ బృందం ఎదురెదురుగా కూర్చున్నాయి. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దలు ఏళ్ల తరబడి పడిన శ్రమకు ఫలితం అది. నక్సలైట్ నాయకులు బస చేసిన మంజీరా అతిథి గృహం ముందు జనం అర్జీలు పట్టుకుని బారులు తీరారు. భూమి తగాదాలు, పట్టాలు, వడ్డీ బాకీలు. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లు అక్కడికి వచ్చారు.

చర్చలు నాలుగు రోజులు సాగాయి. 2005 జనవరికల్లా ఎదురుకాల్పులు మళ్లీ మొదలై, చర్చల దారి మూసుకుపోయింది. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతోపాటు మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజుల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం పార్టీని, దాని అనుబంధ సంఘాలుగా భావించిన వాటిని నిషేధించింది. అప్పటినుంచి తుపాకీ పట్టినవాడికీ, సభలో మాట్లాడినవాడికీ మధ్య ఉండాల్సిన గీత చెరిగిపోతూ వచ్చింది.

ఆ శనివారం తర్వాత

హైదరాబాద్ జనానికి కఠినమైన చట్టం కావాలనిపించడంలో వింత లేదు. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25, శనివారం సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో పేలుళ్లు నలభై మందికి పైగా ప్రాణాలు తీశాయి. లేజర్ షో చూడ్డానికి వెళ్లిన విద్యార్థులు, చాట్ తినడానికి ఆగిన కుటుంబాలు. ఆ తర్వాత పాతబస్తీలో డజన్ల కొద్దీ ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. వాళ్లలో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. ప్రభుత్వం పరిహారం ఇస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వాళ్ల కథకు ఈ ధారావాహికలో విడిగా ఒక భాగం ఉంది.

2008 నవంబరు 26న ముంబైపై దాడి జరిగింది. ఆ డిసెంబరులోనే ఉపాకు మరో సవరణ వచ్చింది. ఛార్జిషీటు వేయకుండానే మనిషిని 180 రోజుల దాకా నిర్బంధంలో ఉంచే వీలు కలిగింది. దానితోపాటు 43డి(5) వచ్చింది. కేసు డైరీ, ఛార్జిషీటు చూసిన న్యాయమూర్తికి ఆరోపణలు పైకి నిజమనే అనిపిస్తే బెయిలు ఇవ్వకూడదని ఆ నిబంధన చెబుతుంది.

దీని బరువు తెలియాలంటే మామూలు కేసులో ఏం జరుగుతుందో చూడాలి. 1977 డిసెంబరులో ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ బెయిలుపై ఇచ్చిన ఆదేశాన్ని న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరిస్తారు. మనిషి స్వేచ్ఛ చాలా విలువైనదని, పారిపోతాడనో సాక్షులను చెడగొడతాడనో గట్టి కారణం ఉంటే తప్ప లోపల ఉంచకూడదని దాని సారం. అక్కడ విచారణకు ముందే జైలు ఎందుకో ప్రభుత్వం చెప్పాలి. ఉపా కేసులో ఆ బాధ్యత తిరగబడింది. ఎందుకు వదలాలో నిందితుడు చెప్పాలి. అదీ సాక్షులను ప్రశ్నించే అవకాశం రాకముందే, పోలీసులు రాసిన కాగితాల ఆధారంగానే చెప్పాలి. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు ఈ దారిని ఇంకా ఇరుకు చేసింది. బెయిలు దశలో సాక్ష్యాలను లోతుగా తూచకూడదని చెప్పింది. కాగితాల మీద ఉన్నదే అప్పటికి నిజం. అది అబద్ధమని తేలేది విచారణ చివర్లో. ఆ చివర ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అమలాపురం నుంచి అండా సెల్ దాకా

గోకరకొండ నాగ సాయిబాబా 1967లో అమలాపురంలో పేద కుటుంబంలో పుట్టారు. ఐదేళ్ల వయసులో పోలియో సోకి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీ చాలా ఏళ్లకు గానీ రాలేదు. అప్పటిదాకా చేతుల మీద పాకుతూనే చదువు సాగించారు. ట్యూషన్‌లో పరిచయమైన వసంతను పెళ్లి చేసుకున్నారు. ఎస్‌కేబీఆర్ కాలేజీలో డిగ్రీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎంఏ చదివారు. 2003 నుంచి ఢిల్లీలోని రామ్‌లాల్ ఆనంద్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. 2009లో మధ్య భారత అడవుల్లో మావోయిస్టుల ఏరివేతకు ఆపరేషన్ గ్రీన్‌హంట్ మొదలైనప్పుడు దానికి వ్యతిరేకంగా సభలు పెట్టి, దేశవిదేశాల్లో గొంతెత్తినవాళ్లలో ఆయన ముందున్నారు. రివల్యూషనరీ డెమొక్రటిక్ ఫ్రంట్‌లో బాధ్యుడిగా పనిచేశారు. ఆ సంస్థపై ఆంధ్రప్రదేశ్, ఒడిశా ప్రభుత్వాల నిషేధం ఉంది.

2013 ఆగస్టులో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా అహేరిలో ఇద్దరు ఆదివాసులనూ, ఢిల్లీ జేఎన్‌యూ విద్యార్థి ఒకరినీ మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసు దారి పట్టుకుని సెప్టెంబరు 12న ఢిల్లీలో సాయిబాబా క్వార్టర్‌ను సోదా చేశారు. కంప్యూటర్ హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు పట్టుకెళ్లారు. 2014 మే 9న పరీక్షల పని చూసుకుని ఇంటికి వస్తున్న ఆయన కారును దారిలో ఆపి అరెస్టు చేశారు. అదే రోజు నాగపూర్ తీసుకెళ్లారు.

నాగపూర్ సెంట్రల్ జైలులో గుడ్డు ఆకారంలో కట్టిన కట్టుదిట్టమైన బ్యారక్‌ను అండా సెల్ అంటారు. నూటికి తొంభై పాళ్లు వైకల్యమున్న మనిషిని అందులో పెట్టారు. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా, స్నానం చేయాలన్నా, పక్క మీదికి చేరాలన్నా ఇంకో ఖైదీ మోయాలి. ఏళ్లపాటు చేతులతో పాకిన మనిషికి భుజాలే ఆధారం. జైల్లో ఆ భుజాలూ దెబ్బతిన్నాయి. గుండె జబ్బు, మూత్రపిండాల్లో రాళ్లు, పిత్తాశయం సమస్య ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

2015 జూన్ చివర్లో బాంబే హైకోర్టు వైద్యం కోసం తాత్కాలిక బెయిలు ఇచ్చింది. డిసెంబరులో నాగపూర్ బెంచి ఆ బెయిలు ఇక చాలని తేల్చడంతో క్రిస్మస్ రోజుల్లో మళ్లీ జైలుకెళ్లారు. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర ప్రభుత్వ తీరును తప్పుపట్టి బెయిలిచ్చింది. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు ఆయనతోపాటు మరో నలుగురికి యావజ్జీవం, ఒకరికి పదేళ్ల శిక్ష వేసింది. ఆయన శరీరానికి వైకల్యం ఉన్నా బుద్ధికి లేదని, కాబట్టి కనికరం చూపక్కర్లేదని ఆ తీర్పు చెప్పింది.

2020 ఆగస్టు 1న హైదరాబాద్‌లో ఆయన తల్లి క్యాన్సర్‌తో చనిపోయారు. కొడుకును చూడాలని ఆమె కోరుకున్నారు. పెరోల్ దొరకలేదు. అంత్యక్రియలకూ దొరకలేదు. నడవలేని పిల్లవాణ్ని ఎత్తుకుని బడికి తీసుకెళ్లిన తల్లి ఆమె. 2021 మార్చి 31న కాలేజీ ఉద్యోగమూ పోయింది.

ఒక తేదీ కథ

ఉపా అంత పదునైన చట్టం కాబట్టే, పార్లమెంటు అందులో ఒక తాళం కూడా పెట్టింది. అది 45వ సెక్షన్. ప్రభుత్వ అనుమతి లేకుండా ఏ కోర్టూ ఈ నేరాలను విచారణకు తీసుకోకూడదు. ఆ అనుమతికి ముందు ఒక స్వతంత్ర అధికారి సాక్ష్యాలన్నీ చదివి సిఫారసు చేయాలి. సిఫారసుకు ఏడు పనిదినాలు, అనుమతికి ఏడు పనిదినాలు గడువు. 2008లో బెయిలును బిగించినప్పుడే ఈ తాళాన్నీ గట్టిపరిచారు.

ఇప్పుడు సాయిబాబా కేసు కాగితాలు చూడండి. మిగతా ఐదుగురి విచారణకు 2014 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఆయన అప్పటికి అరెస్టు కాలేదు. 2015 ఫిబ్రవరి 21న కోర్టు ఆయనపై కూడా అభియోగాలు నమోదు చేసింది. మొదటి సాక్షిని విచారించడం కూడా అయింది. సాయిబాబాపై విచారణకు అనుమతి ఇస్తున్నట్లు ప్రభుత్వం కాగితం ఇచ్చిన తేదీ 2015 ఏప్రిల్ 6. ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా అయ్యాక పునాదికి అనుమతి తెచ్చుకున్నట్టు. పైగా స్వతంత్ర అధికారి సిఫారసులో సాక్ష్యాలను తూచినట్లు చెప్పే కారణాలు లేవు.

ఈ తేదీ కింది కోర్టులో ఎవరినీ ఆపలేదు. ఆయన అప్పటికే జైల్లో ఉన్నారు. రెండేళ్ల తర్వాత శిక్షా పడింది. ఆ కాగితం ఆలస్యంగా వచ్చిందని, కాబట్టి ఆ విచారణే చెల్లదని ఒక కోర్టు చెప్పడానికి 2022 అక్టోబరు 14 దాకా ఆగాల్సి వచ్చింది. జస్టిస్ రోహిత్ దేవ్, జస్టిస్ అనిల్ పన్సారేల బెంచి నాగపూర్‌లో ఆ రోజు అందరినీ విడుదల చేయమంది. దేశభద్రతకు ముప్పు ఉందన్న కారణంతో చట్టమిచ్చిన రక్షణలను బలిపెట్టలేమని స్పష్టంగా రాసింది.

అది శుక్రవారం. మర్నాడు కోర్టుకు సెలవు. అయినా మహారాష్ట్ర ప్రభుత్వం కోరగా సుప్రీంకోర్టులో ప్రత్యేక బెంచి కూర్చుంది. జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ బేలా త్రివేది విడుదలను నిలిపివేశారు. ఇలాంటి కార్యకలాపాల్లో మెదడే ఎక్కువ ప్రమాదకరమన్న మాట ఆ విచారణలో ధర్మాసనం నుంచి వచ్చింది. జైలు బదులు ఇంట్లోనే నిర్బంధించమన్న వేడుకోలునూ ఒప్పుకోలేదు. జైలు గేటు దాకా వచ్చిన స్వేచ్ఛ ఒక్క రోజులో వెనక్కి మళ్లింది. 2023 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దుచేసి, వేరే బెంచి ముందు మళ్లీ విచారించమంది.

మళ్లీ వాదనలు జరిగాయి. 2024 మార్చి 5న జస్టిస్ వినయ్ జోషి, జస్టిస్ వాల్మీకి మెనెజెస్ కూడా అందరినీ నిర్దోషులుగా ప్రకటించారు. ఈసారి అనుమతి లోపంతోపాటు సాక్ష్యాలనూ తూచారు. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలో చదువుకున్న ఇరుగుపొరుగు అంతమంది ఉండగా, చదవడం రాని వ్యక్తిని సోదాకు పంచ్ సాక్షిగా పెట్టుకోవడం నమ్మదగినదిగా లేదన్నారు. ఎలక్ట్రానిక్ ఆధారాలు చట్టం కోరిన పద్ధతిలో రుజువు కాలేదన్నారు. ఇంటర్నెట్‌లో దొరికే మావోయిస్టు సాహిత్యం దగ్గర పెట్టుకున్నంత మాత్రాన అది ఉగ్రవాద నేరం కాదన్నారు.

ప్రభుత్వం మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈసారి జస్టిస్ బి.ఆర్. గవాయ్ బెంచి స్టే ఇవ్వలేదు. ఇది ఎంతో కష్టపడి దక్కించుకున్న విడుదల అని, నిర్దోషి అన్న భావన ఈ తీర్పుతో మరింత బలపడిందని గుర్తుచేసింది. అరెస్టయి అప్పటికి పదేళ్లు నిండవచ్చాయి. అందులో ఎనిమిదేళ్లకు పైగా ఆయన జైల్లోనే గడిపారు. సహ నిందితుల్లో ఒకరు, గడ్చిరోలికి చెందిన ఆదివాసీ యువకుడు, 2022 ఆగస్టులో ఖైదీగానే జబ్బుపడి చనిపోయాడు. అతన్ని నిర్దోషి అని రెండుసార్లు ప్రకటించారు. రెండుసార్లూ చనిపోయాకే.

పంజగుట్టలో దసరా

2024 మార్చి 7న సాయిబాబా చక్రాల కుర్చీలో నాగపూర్ జైలు బయటికొచ్చారు. జైల్లో వైద్యం అందక ఎడమ చెయ్యి కూడా సరిగా పనిచేయడం లేదని విలేకరులకు చెప్పారు. మళ్లీ పాఠాలు చెప్పాలన్నది ఆయన కోరిక.

సెప్టెంబరులో పిత్తాశయం ఆపరేషన్ కోసం నిమ్స్‌లో చేరారు. పంజగుట్ట కూడలిలోని ఈ ఆసుపత్రి శ్రీనగర్ కాలనీ, అమీర్‌పేట వాసులకు రోజూ కంటపడేదే. జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలు, ఎక్స్‌రే కవర్లు పట్టుకుని గేటు ముందు రోడ్డు దాటుతూ ఉంటారు. ఆ జనంలోనే కొన్ని వారాలపాటు సాయిబాబా కుటుంబం, మిత్రులు తిరిగారు. ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ ముదిరింది. అక్టోబరు 12న విజయదశమి. నగరంలో సగం మంది ఊళ్లకు వెళ్లిన ఆ రాత్రి ఆయన కన్నుమూశారు. వయసు 57 ఏళ్లు. నిర్దోషిగా బయట గడిపింది ఏడు నెలలు.

కళ్లను ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఇచ్చారు. గన్‌పార్కు దగ్గర నివాళులు అందుకున్న దేహాన్ని 14న గాంధీ వైద్య కళాశాలకు అప్పగించారు.

ఆయన రాజకీయాలు నచ్చనివాళ్లు ఉన్నారు. మావోయిస్టుల తూటాలకు బంధువులను పోగొట్టుకున్న పోలీసు కుటుంబాలు తెలుగు నేల నిండా ఉన్నాయి. వాళ్ల దుఃఖం నిజమైనది. ఆ దుఃఖానికి న్యాయం జరగాలంటే అసలు దోషి ఎవరో సాక్ష్యంతో తేలాలి. కాగితం తేదీ కూడా సరిగా లేని కేసులో మనిషిని ఎనిమిదేళ్లు మూసి పెట్టడం వల్ల ఏ అమరుడి ఇంటికీ ఊరట దక్కలేదు.

ఇది ఒక్కరి కథే అయితే దురదృష్టం అనుకోవచ్చు. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్లలో ఉపా కింద 5,922 మందిని అరెస్టు చేస్తే 132 మందికి శిక్ష పడిందని 2021 ఫిబ్రవరిలో రాజ్యసభకు చెప్పింది అప్పటి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డే. మిగతావాళ్లలో చాలామంది కేసులు ఇంకా తేలకపోయి ఉండొచ్చు. తేలేదాకా వాళ్లు ఎక్కడున్నారన్నదే అసలు ప్రశ్న. కోర్టుల్లో కొంత కదలిక కనిపిస్తోంది. విచారణ అంతులేకుండా సాగితే ఉపా కేసులోనూ బెయిలు ఇవ్వొచ్చని 2021లో నజీబ్ కేసులో, ప్రత్యేక చట్టాల్లోనూ బెయిలే నియమమని 2024 ఆగస్టులో జలాలుద్దీన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాటలు నాగపూర్‌లోని అండా సెల్ దాకా సకాలంలో చేరలేదు.

గడ్చిరోలి పొరుగు రాష్ట్రంలో ఉందిలే అనుకునే వీలు తెలంగాణకు లేదు. 2022 ఆగస్టు 19న ములుగు జిల్లా తాడ్వాయి పోలీసు స్టేషన్‌లో ఉపా కింద ఒక ఎఫ్ఐఆర్ నమోదైంది. అందులో 152 మంది పేర్లున్నాయి. పది నెలల దాకా ఆ సంగతి బయటికి పొక్కలేదు. ఓ బెయిలు విచారణలో ఆ జాబితా వెలుగుచూస్తే, ప్రొఫెసర్ హరగోపాల్, ప్రొఫెసర్ పద్మజా షా పేర్లు అందులో కనిపించాయి. కేసు పెట్టేనాటికి రెండేళ్ల కిందటే చనిపోయిన బాంబే హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ పేరు కూడా ఉంది. ఆ పేర్లు జాబితాలోకి ఎలా ఎక్కాయి, ముఖ్యమంత్రి ఆదేశంతో ఏ పేర్లకు ఊరట దక్కింది, పత్రికల్లో రాని మామూలు మనుషుల పేర్లు ఏమయ్యాయి? వచ్చే భాగంలో తాడ్వాయి వెళ్దాం.